ఒక రాత్రి మంద

ఈ మధ్య కుప్పంలో ఒక శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. అడవి పక్క ఊళ్ళలో పనిచేయబోయే కొత్త పిల్లలు, చురుకైనవాళ్ళు. ఒకమ్మాయి లేచి, రెండు ఊళ్ళు ఒకే గుట్ట కోసం కొట్లాడుకుంటుంటే మనం మొదట చేయాల్సిన పని ఏంటి మేడం అని అడిగింది. మీటింగు ఎన్ని గంటలకు పెట్టాలో కనుక్కోవాలి అన్నాను. తరగతంతా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ఆ ఒక్క సంగతి కనుక్కోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ కథంతా చెప్పేలోపు భోజనాల గంట కొట్టేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివితే సంతోషం.

నాది మదనపల్లె. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేను కొన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత అడవి పక్క పల్లెల కోసం పెట్టిన ఒక ప్రాజెక్టులో చేరాను. నా పోస్టు పేరు సామాజిక సమన్వయకర్త. పేరు బారెడు, పని మాత్రం మూడు ముక్కలే. ఊరికి పోవడం, మాట్లాడటం, తిట్లు తిని జీపెక్కడం. చర్చిలో ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, అందరికీ సర్దిచెప్పే ఉద్యోగం అని అమ్మ గొప్పగా చెప్పుకొనేది. ఇంట్లో మాత్రం ఆమె మాట కుక్కర్ కూడా వినదు అని మా ఆయన పక్కనుంచి అందించేవాడు.

ఆఫీసు పుంగనూరులో ఉండేది. మా రేంజరు గారు గోదావరి వైపు మనిషి. మాటకు ముందొక అండి, వెనకొక అండి. మ్యాపులంటే ప్రాణం. వాళ్ళమ్మాయి స్కెచ్ పెన్నులు తెచ్చుకొని ఏ గుట్టనైనా మూడు రంగుల్లో ముంచేవారు. ఆయన చేతిలో పడితే మా బండరాళ్ళ గుట్టలు కూడా బర్త్‌డే కేకుల్లా తయారయ్యేవి. జీపు డ్రైవరు కుప్పం అవతల పల్లెవాడు. తెలుగులో మొదలుపెట్టి తమిళంలో మలుపు తిప్పి కన్నడంలో ఆపేవాడు. ఏ ఊళ్ళో టీ బాగుంటుందో అతనికి తెలుసు, ఏ ఊళ్ళో మనల్ని రానివ్వరో కూడా తెలుసు. ఈ ఇద్దరితో పనిచేసిన ఏళ్ళు నా సర్వీసులో అన్నిటికంటే మంచి ఏళ్ళు.

కథ జరిగిన గుట్ట బైరెడ్డిపల్లె దాటినాక వస్తుంది. గుట్టకు ఒక పక్క గొర్రెలు పెంచుకునేవాళ్ళ పల్లె, ఇంకో పక్క టమోటా, వేరుశనగ వేసుకునే రైతుల పల్లె. వాటిని ఎగువపల్లె, దిగువపల్లె అంటాను. నేను చేరేనాటికి దిగువపల్లె బోర్లు ఎండి ఉన్నాయి. ప్రాజెక్టు డబ్బుతో అక్కడివాళ్ళు ఒక కమిటీ పెట్టుకొని, గుట్ట మీద వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. చింత, నేరేడు, కానుగ నాటారు. రెండు మంచి వానలు పడేసరికి కందకాల్లో నీళ్ళు ఇంకి బోర్లు మళ్ళీ పోయడం మొదలుపెట్టాయి. ఆ నీళ్ళు చూసి ఏడ్చిన ఆడవాళ్ళను నేను చూశాను. అందుకే కమిటీవాళ్ళు ఆ మొక్కలను కన్నబిడ్డల్లా చూసుకున్నారు. గొర్రె అన్నది గుట్ట ఎక్కకూడదని తీర్మానం చేశారు.

గొర్రెలు గుట్ట ఎక్కక ఇంకెక్కడికి పోతాయి? ఆ ప్రశ్న అడగాల్సినవాళ్ళు తీర్మానం రోజు అక్కడ లేరు. మా మీటింగులన్నీ దిగువపల్లె బడి వరండాలో పగలు పదకొండు గంటలకు జరిగేవి. పదకొండుకు గొర్రెలవాళ్ళు ఒక్కరూ పల్లెలో ఉండరు, మందల వెంట ఉంటారు. ఎవరూ కాదనలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు అనుకున్నాం. ఇందులో కుట్ర ఏమీ లేదు. మాకు జీపు దొరికేది ఆ టైముకే.

తీర్మానం తర్వాత ఎగువపల్లె పెద్దాయన పొట్టేలు ఒకటి గుట్ట మీద దొరికితే కమిటీవాళ్ళు పట్టుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారు. పెట్టించింది కమిటీ అధ్యక్షురాలు. ఆమె యాభై దాటిన రైతు. ఒంటిచేత్తో రెండు బోర్ల సేద్యం లాక్కొచ్చే మనిషి, నోరు కూడా ఆ బోర్లంత జోరు. పెద్దాయన వచ్చి, నా పొట్టేలు మొక్క ముట్టలేదు అని మాత్రం చెప్పి, అందరి ముందూ తలవంచుకొని, రుసుము కట్టి పొట్టేలును విడిపించుకుపోయాడు. మరుసటి రోజు నుంచి ఎగువపల్లె మందలు దిగువపల్లె చేలలో దిగడం మానేశాయి.

మంద దిగడమంటే మీలో టౌను పిల్లలకు తెలియకపోవచ్చు. పంట కోసిన చేలో రాత్రిపూట గొర్రెల మందను ఆపి చుట్టూ వల కడతారు. తెల్లారేసరికి చేనంతా ఎరువు పడుతుంది. మా వైపు ఎర్ర నేలలకు అంతకు మించిన మందు లేదు. మంద కట్టిన రాత్రి చేనివాళ్ళు కాపరికి రాగిసంగటి తీసుకుపోవాలి, అదీ ఇంటి ఆడమనిషి స్వయంగా. పనివాళ్ళతో పంపితే అవమానించినట్టు. మా చేలో మంద కట్టు అని రైతు అడగడం కాపరికి గౌరవం, కడతానని కాపరి ఒప్పుకోవడం రైతుకు గౌరవం. ఆ రెండు పల్లెల మధ్య చుట్టరికం లేదు. ఉన్నదల్లా ఈ సంగటి ముద్దే, అదీ ఆగిపోయింది.

ఏడాదికి పైనే అలాగే గడిచింది. నీళ్ళున్నా దిగువపల్లె నేల చవుడుబారినట్టు తయారైంది. ఎరువు బస్తాలు ఎంత పోసినా కాపు పలచన. అవతల ఎగువపల్లెలో మేత లేక ఒక్కో కుటుంబమే గొర్రెలు అమ్ముకొని కంపెనీ బస్సులెక్కింది. చివరికి చెప్పుకోదగ్గ మంద పెద్దాయనదొక్కటే మిగిలింది. అమ్మేయమని కొడుకు పోరుతున్నాడు. ఆయన ఈ సంతకు, వచ్చే సంతకు అని జరుపుతున్నాడు. ఆ మంద పోతే గుట్ట మీద గొడవ దానంతటదే తీరిపోతుంది, మన రిపోర్టు కూడా శుభ్రంగా ఉంటుంది అని మా పై ఆఫీసులో ఒకాయన అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక పక్క మనుషులు వెళ్ళిపోతే తీరే గొడవను తీర్చడానికి నా జీతమెందుకు?

కాబట్టి రెండు పల్లెలనూ కలిపి కూర్చోబెట్టాలి. మీటింగు సాయంత్రం ఎగువపల్లెలో పెట్టాను. మందలు ఇల్లు చేరే వేళ కదా, గొర్రెలవాళ్ళు అందరూ ఉన్నారు. దిగువపల్లె నుంచి ఒక్క పురుగు రాలేదు. అది పాలు పితికే వేళ, పాల వ్యాను వచ్చే వేళ. పొద్దున్నే పెట్టాను. ఆ రోజు టమోటా కోత, బుట్టలు మదనపల్లె మార్కెట్టుకు పోవాలి. ఆదివారం పెడదామన్నారు రేంజరు గారు. నేను చర్చికి పోవాలన్నాను. ఆయన పెద్దమనసుతో తలూపారు, డ్రైవరు మాత్రం దేవుడికి కూడా టైము కుదర్లేదు మేడం అని నవ్వాడు.

ఆ డ్రైవరే ఒకరోజు టీ తాగుతూ, మిట్టమధ్యాహ్నం గుట్ట మీద పెడితే ఎట్లుంటాది అన్నాడు. ఎండ మండే వేళ గొర్రెలు మేయవు. నీడ చూసుకొని, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి గుంపుగా నిలబడిపోతాయి. కాపరికి ఖాళీ అప్పుడే. దిగువపల్లెవాళ్ళకూ ఖాళీ అప్పుడే, చేలలో ఎవరూ వంగరు. అయితే కమిటీ మందను గుట్ట ఎక్కనివ్వాలి కదా! ఒక్క మధ్యాహ్నం, ఒక్క మంద, అది కూడా మొక్కలు లేని పక్క. ఈ మాట ఒప్పించడానికి అధ్యక్షురాలి వంటింట్లో కూర్చొని నేను తాగిన మజ్జిగకు లెక్కలేదు. చివరికి ఆమె, సరే, ఆయప్ప అబద్ధం ఆయప్ప కళ్ళతోనే సూపిస్తా అని ఒప్పుకుంది. ఏ కారణంతో ఒప్పుకున్నా నాకు చాలు.

ఆ రోజు వచ్చింది. రెండు పల్లెలవాళ్ళూ బండల నీడన చెరోవైపు కూర్చున్నారు. మంద కాస్త కింద గుంపుగా నిలబడి ఉంది. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. రేంజరు గారు మూడు రంగుల మ్యాపు విప్పారు. అంతటితో ఆగితే బాగుండేది. పై ఆఫీసుకు ఫోటో పంపాలని ఒక ఫ్లెక్సీ బ్యానరు కూడా చేయించుకొచ్చారు, "కలిసి కాపాడుకుందాం" అని. అది డ్రైవరు భుజం మీద గుట్టెక్కింది. రెండు చెట్లకు కట్టారు.

పెద్దాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. గొంగళి భుజాన వేసుకొని, నిలబడి, ఎవరినీ తిట్టకుండా చెప్పాడు. తన గొర్రె గడ్డి మేస్తుంది గానీ మొక్క జోలికి పోదన్నాడు. ఆ రోజు పొట్టేలును పట్టుకుపోయింది అన్యాయమన్నాడు. "నా తల మింద సెయ్యి పెట్టుకోని సెప్తాండా. నా మందలో మొక్క కొరికే గొర్రె లేదు."

అప్పుడే గుట్ట మీదికి గాలి లేచింది. బ్యానరు ఒక పక్క తాడు తెగి ఫటఫటా కొట్టుకుంది. గొర్రెలకు చదువు రాదు, కలిసి కాపాడుకుందాం అని వాటికి అర్థం కాలేదు. మంద ఒక్కసారిగా చెదిరి గుట్టంతా పరిగెత్తింది.

తర్వాత జరిగింది నేను ఎన్ని శిక్షణల్లో చెప్పినా చాలదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ లేచి పరిగెత్తారు. గొర్రెలవాళ్ళు పైనుంచి అదిలిస్తే, రైతులు కింద కందకాల గట్టు మీద వరసగా చేతులు చాపి నిలబడ్డారు. చిన్నప్పటి నుంచీ మందలు చూసినవాళ్ళే కదా, చేతులకు ఆ పని గుర్తుంది. రేంజరు గారు అండి అండి అంటూ ఒక గొర్రె వెంట పడ్డారు. అధ్యక్షురాలు కొంగు నడుముకు దోపి, కందకంలో పడిన ఒక పిల్లను ఎత్తి చంకలో పెట్టుకుంది. దాన్ని దించకుండానే, అటు పో, ఇటు తోలు అని రెండు పల్లెల మగవాళ్ళకూ హుకుం వేసింది. అందరూ విన్నారు.

మంద దాదాపు కుదురుకుంది. ఒక్క పొట్టేలు కనబడలేదు. పెద్దాయన ముందు, మేమంతా వెనక గుట్ట మలుపు తిరిగాం. పొట్టేలు కమిటీవాళ్ళ మొక్కల్లో నిలబడి ఉంది. బందెలదొడ్డికి పోయొచ్చిన అదే పొట్టేలు. మన ఇళ్ళలో చింతచిగురు పప్పును ఎంత ఇష్టంగా తింటామో అంత ఇష్టంగా, కళ్ళు సగం మూసుకొని, ఒక చింత మొక్కను మోడు మిగిలేదాకా తింటూ ఉంది.

 అధ్యక్షురాలు ఇప్పుడు ఏమంటుందోనని ఆమె వైపు చూశాను. రేంజరు గారు ముందుకొచ్చి, తప్పు మాదండి, మా బ్యానరు వల్లే ఇదంతా జరిగింది అన్నారు. అధికారి అయ్యుండి ఆ మాట అన్నందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. పెద్దాయన ఒప్పుకోలేదు. "మీ బ్యానరు బెదిరించింది నిజమే సార్. మొక్క తినమని అది సెప్పలేదు గదా."

ఆ తర్వాత గొంగళి తీసి బండ మీద పెట్టాడు. మాటకు విలువ పోయింది, ఇంక మంద ఎందుకు, వచ్చే సంతకు తోలేస్తా అన్నాడు. కొడుకు కూడా అదే అంటున్నాడని, ఇన్నాళ్ళూ తనే మొండికేశాడని చెప్పాడు. గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది. కేకలేసే మనిషిని సముదాయించడం నాకు వచ్చు. అలా నెమ్మదిగా చెప్పేవాడు అన్నంత పనీ చేస్తాడు.  రేంజరు గారు మ్యాపును మడవడం మొదలుపెట్టారు.

అధ్యక్షురాలి చంకలో గొర్రెపిల్ల ఇంకా ఉంది. ఆమె గెలిచింది. రెండేళ్ళ పంతం నెగ్గింది, సాక్షులు రెండు పల్లెలు. ఒక్క ఎకసెక్కం ఆడినా పెద్దాయన గుట్ట దిగిపోయేవాడు. ఆమె ఆ మోడు వైపు చూసింది, ఆయన వైపు చూసింది, పిల్లను దించి మందలోకి వదిలింది.

"మంద అమ్ముకుంటావో పెట్టుకుంటావో నీ ఇష్టం అన్నా," అంది. "అయితే మొక్క మేసినదానికి జుల్మానా ఉండాది. అది తీర్సకుండా మంద ఊరు దాటేదానికి లేదు."

ఎగువపల్లెవాళ్ళలో గుసగుసలు లేచాయి. పెద్దాయన చెయ్యెత్తి ఆపి, ఎంతో చెప్పమ్మా, కడతా అన్నాడు.

"దుడ్డు ఎవురిక్కావాల? ఒక రేత్రి మంద. నా సేన్లో. ఈ పొద్దే. సంగటి నేను తెస్తా."

పెద్దాయన తలెత్తి ఆమెను చూశాడు. బందెలదొడ్డికి తోలించిన మనిషి, అందరి ముందూ, తన చేలో మంద కట్టమని అడుగుతోంది. పైకి అది జరిమానా. అడిగిన తీరు మాత్రం గౌరవం. అది ఆయనకు అర్థమైంది, గుట్ట మీద ఉన్న ప్రతి మనిషికీ అర్థమైంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని డ్రైవరుతో చెప్పాను. అతనూ కళ్ళు తుడుచుకుంటూ, అవును మేడం, గాలి ఎక్కువ అన్నాడు. పెద్దాయన వంగి గొంగళి తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

మిగతా ఒప్పందం ఆ మధ్యాహ్నమే బండల మీద కూర్చొని చేసుకున్నారు. మేం అడ్డం రాలేదు, అదే మా గొప్పతనం. మొక్కలు గొర్రె నోటికి అందనంత ఎదిగేదాకా ఒక పక్క మూసి ఉంచాలి. ఇంకో పక్క మందలకు వదలాలి. ఎదిగినాక పక్కలు మార్చుకోవాలి. మూసిన పక్క గొర్రె దూరితే జరిమానా ఒక రాత్రి మంద, చేను కమిటీ చెప్పినది. దిగువపల్లెవాళ్ళు గుట్ట మీద చెట్టు కొట్టినా, గడ్డికి నిప్పు పెట్టినా, మందల కాపరులందరికీ సంగటి పెట్టాలి. ఈ రెండో షరతు అడిగింది పెద్దాయన. దానికి అధ్యక్షురాలు నవ్వి, సంగటి ఒక్కటే సాలునా, ఊరుబిండి కూడా కావాల్నా అంది. రేంజరు గారు తన మ్యాపులో రంగులన్నీ కొట్టేసి, అడ్డంగా ఒక్క గీత గీశారు. ఆయన గీసిన మ్యాపుల్లో పనికొచ్చింది అదొక్కటే అని తర్వాత తనే చెప్పుకొని నవ్వేవారు.

పొద్దు వాలుతుండగా మంద గుట్ట దిగి దిగువపల్లె చేలలోకి వచ్చింది. రెండేళ్ళ తర్వాత వస్తున్న మందను చూడటానికి ఇళ్ళముందు జనం నిలబడ్డారు. మేం కూడా వెళ్ళకుండా జీపు పక్కన నిలబడ్డాం. ఆమె తలమీద సంగటి గంపతో గట్టు మీదుగా వచ్చింది. ఒక్కతే వచ్చింది. పెద్దాయన చేతులు కడుక్కొని కూర్చున్నాడు. ఆమె ముద్ద పెట్టి, పల్లీలు నూరిన ఊరుబిండి పచ్చడి వేసి, ఎదురుగా గట్టు మీద కూర్చుంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

పిల్లలూ, ఇక్కడితో ఆపితే ఇది మంచి రిపోర్టు అవుతుంది. మేం పంపిన రిపోర్టు ఇక్కడితోనే ఆగింది. నిజానికి ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. జరిమానా ఒక్క రాత్రిదే కదా! తెల్లారితే తీరిపోతుంది. ఆ వారంలోనే సంత. పెద్దాయన అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఎవరితోనూ చెప్పలేదు.

పొద్దున్నే డ్రైవరును లేపుకొని పోయాను. వల విప్పేశారు. మంద కదలడానికి సిద్ధంగా ఉంది. అధ్యక్షురాలు చేనంతా కలియదిరిగి వచ్చి, ఆ దిగువ మూల ఎరువు సరిగా పడలేదు, సగం జుల్మానానే తీరింది, ఇంకో రాత్రి కట్టాల అంది. నేను ఆ మూలకు పోయి చూశాను. ఎరువు బాగానే ఉంది. పెద్దాయన కూడా చూశాడు. మందను సంత దారి వైపు కాక గుట్ట వైపు తిప్పాడు. ఆ వారం సంతకు గొర్రెలు పోలేదు.

ఆ తర్వాత గొడవలే రాలేదని అనను. నిప్పూ పడింది, గొర్రెలూ దూరాయి, తిట్లూ నడిచాయి. ఎగువపల్లెకు ఒకటి రెండు మందలు తిరిగి వచ్చాయి. రేంజరు గారు బదిలీ మీద వాళ్ళ గోదావరి వైపు వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు మమ్మల్ని పట్టుకొని పసిపిల్లాడిలా ఏడ్చారు. డ్రైవరూ నేనూ ఒకరి తర్వాత ఒకరం రిటైరయ్యాం.

మొన్న కుప్పం తరగతి నుంచి తిరిగి వస్తూ ఆ దారిన వచ్చాను. డ్రైవరే సొంత కారులో తీసుకొచ్చాడు, పెట్రోలుకు కూడా తీసుకోలేదు. గుట్ట మీద చింతచెట్లు ఎదిగి నీడ పడుతోంది. పెద్దాయన మునుపటికంటే చిక్కాడు, మంద మాత్రం అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. బాగోగులు అయ్యాక, ఇప్పటికైనా జరిమానా తీరిందా పెద్దాయనా అని అడిగాను.

"యాడ తీరింది మేడం. ప్రతి ఏడూ ఏదో ఒక మూల మిగిలే ఉండాది అంటాది ఆయమ్మ."

గొర్రెల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"తీరిపోతే మంద అమ్మేస్తానని ఆయమ్మకు భయం," అన్నాడు. "నాకూ అదే భయం."